ప్లగ్గక్క ఆఖరి పెట్టె

మోకాళ్ళ కింద గోనెసంచి మడిచి వేసుకుని, కొంగు నడుముకు బిగించి, ఆవిడ కొత్త సర్వరు వెనక తీగలు ఒక్కొక్కటే సర్దుతోంది. నల్లవి ఒక పక్క, నీలంవి ఇంకో పక్క. రెంటినీ కలిపి కట్టేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట. జడ వేయడం రానివాళ్ళు తీగల జోలికి రాకూడదని మగవాళ్ళ ముందే అనేస్తుంది. చెవి వెనక పెన్సిలు, ముక్కు చివర కళ్ళజోడు, నోట్లో చిన్న టార్చిలైటు. లేచేటప్పుడు మోకాళ్ళు టకటకమంటాయి గానీ, ఒకసారి కూర్చుందంటే పని అయ్యేదాకా పిడుగుపడ్డా లేవదు.

అది మందుల గోడౌను. ఊళ్ళో ఆసుపత్రులన్నిటికీ మందులు ఇక్కణ్ణించే వెళతాయి. ఏ మందు ఏ అరలో ఉంది, ఎవరికి ఏది పంపాలి, దేని గడువు దగ్గరపడింది, ఆ వివరమంతా ఉండేది ఈ గదిలోనే. ఈ గది మూగబోతే, మందులు కళ్ళెదుటే ఉన్నా ఏది ఎక్కడుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. పాత సర్వరును ఇక్కడ పెట్టిందీ ఆవిడే. అంతకుముందు పెద్దవాళ్ళ వెనక సంచి మోసింది. సొంతంగా నిలబెట్టిన మొదటి పెట్టె మాత్రం అదే. దాని పక్కన ఇవాళ పెడుతున్న కొత్తది ఆఖరిది. రేపటి నుంచి ఆవిడ రిటైరు.

పాత సర్వరు ముందు, స్టూలు మీద, ఆకుపచ్చ టేబుల్ ఫ్యాను ఒకటి మెడ తిప్పుతూ తిరుగుతోంది. దాని కథ వేరే. సర్వరు పెట్టిన మొదటి వేసవిలోనే ఏసీ చెడిపోతే, పెట్టె ఉడికిపోతుందని ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ ఎత్తుకొచ్చేసింది మహాతల్లి. ఏసీ బాగయింది, మళ్ళీ చెడింది, మళ్ళీ బాగయింది. ఫ్యాను మాత్రం ఇంటిముఖం చూడలేదు. ఆవిడ భర్త ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు.

అనుకుంటుండగానే ఫోను మోగింది.

"ఇవాళైనా ఫ్యాను తెస్తావా, ఆశ వదులుకోమంటావా?"

"తెస్తాన్లెండి. ముందు దీన్ని నిలబెట్టనివ్వండి."

"ఊళ్ళో పెట్టెలన్నీ నిలబెట్టావు. మన ఇంటి మోటారు నీళ్ళెక్కించక ఎన్నాళ్ళయింది?"

"రేపటి నుంచి అదే నా ఉద్యోగం. పెట్టేయండి, పనిలో ఉన్నా."

పొద్దున వచ్చీ రాగానే, మందుల లెక్కలన్నీ చూసుకునే డేటాబేసును కొత్తదాంట్లో ఎక్కించింది. దానికెంత మెమరీ ఇవ్వాలో, ఎవరెవరిని లోపలికి రానివ్వాలో, రోజూ నకలు ఎక్కడ దాచుకోవాలో, అత్తగారు కొత్తకోడలికి ఇల్లప్పగించినట్టు ఒక్కొక్కటే చెప్పింది. పాతదాంట్లోని వివరాలన్నీ కొత్తదాంట్లోకి తెచ్చి, అదీ ఇదీ పక్కపక్కన పెట్టి సరిచూసింది. రవ్వంత తేడా లేదు.

మేనేజరు వచ్చాడు. ఈ మధ్యే చేరినవాడు, మంచివాడే, కాస్త కంగారు మనిషి. కొత్త తెర మీద మందుల పేర్లు చకచకా రావడం చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

"అయిపోయినట్టేగా మేడమ్?"

"ఎక్కడ సార్! ఇంకా ప్లగ్గు పీకందే!"

"ఏ ప్లగ్గు?"

"దీనిదే. నడుస్తుండగా పీకాలి. పడిపోయి, తనంతట తాను లేవాలి. అప్పుడే అయినట్టు."

మూల కుర్చీలోంచి స్టోరుకీపరు పకపకా నవ్వాడు. పాత సర్వరును ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా చూసుకున్నది ఆయనే. ఆయన ఈవిడను అక్కా అంటాడు, ఈవిడ ఆయన్ను అన్నా అంటుంది. ఎవరు పెద్దో ఇప్పటికీ తేలలేదు. "ప్లగ్గక్క అని ఊరికే పేరు పెట్టానా సార్?" అన్నాడు.

మేనేజరుకు నవ్వు రాలేదు. "బాగున్నదాన్ని పడగొట్టి చూడటమేంటండీ? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? లేవకపోతే? ఆసుపత్రులకు నేనేం చెప్పుకోను?"

"కరెంటు మిమ్మల్ని అడిగి పోదు సార్. ఏదో ఒకరోజు పోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దనే నా గోల." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "ఇన్నాళ్ళూ ఏమైనా అయితే ఫోన్ చేసేవారు, పరుగున వచ్చేదాన్ని. రేపటి నుంచి నేను రాను. నేను లేకుండా ఇది లేస్తుందని నా కళ్ళతో చూడకపోతే నాకు ఇంట్లో నిద్ర పట్టదు."

మేనేజరు పాత సర్వరు వంక చూశాడు.

"దాన్ని ఆపన్లెండి సార్. ఏరు దాటకముందే తెప్ప తగలేస్తానా?"

ఆయన తల పంకించాడు, పన్ను పీకించుకోడానికి ఒప్పుకున్నట్టు.

స్టోరుకీపరు కొత్త తెర ముందు కూర్చుని ఒక ఆర్డరు పూర్తిగా రాసి సేవ్ కొట్టాడు. ఇంకోటి మొదలుపెట్టి, సగంలో చేతులు పైకెత్తాడు. ఆవిడ పెట్టె వెనక్కి వంగి ప్లగ్గు పట్టుకుని లాగింది. కొత్త పెట్టె దీపాలన్నీ ఆరిపోయాయి.

మళ్ళీ పెట్టింది. దీపాలు వెలిగాయి, చప్పుడు మొదలైంది. అందరూ స్టోరుకీపరు తెర మీదికి వంగారు. "సర్వరు దొరకడం లేదు" అంది తెర. కాసేపాగి చూశారు. అదే మాట.

"చెప్పానా! నే చెప్పానా!" మేనేజరు తల పట్టుకున్నాడు.

ఆవిడ తెర తనవైపు తిప్పుకుంది. పెట్టె లేచింది గానీ లోపల డేటాబేసు లేవలేదు. ఆఖరి రోజున ఈ పరాభవమా అనుకుంది, నిజంగానే అనుకుంది. కళ్ళజోడు పైకి తోసుకుని, పెట్టె తన గురించి తాను రాసుకున్న మాటలన్నీ కిందినుంచి పైకి చదివింది. చదివి చదివి, ఒక్కసారి నుదురు కొట్టుకుంది.

"తప్పు నాదే సార్. వివరాలుండే డిస్కు తెరుచుకోకముందే ఈ డేటాబేసు నిద్రలేచి వచ్చింది. తలుపు మూసుందని చూసి వెనక్కి పోయి పడుకుంది. పొద్దున నేనే చేత్తో లేపాను కాబట్టి తెలియలేదు." ఆవిడ నవ్వేసింది. "ఇవాళ పీకకపోతే, నేను మోటారు బాగుచేసుకుంటుండగా మీ కొంప మునిగేది!"

డిస్కు వచ్చేదాకా ఆగి, అప్పుడు లేవమని దానికి చెప్పింది. ఆ కాస్త మాటకే ఇంత రభస. తర్వాత ప్లగ్గు చూపించి, "ఈసారి మీరు పీకండి సార్" అంది.

"నేనా?"

"రేపు ఇక్కడుండేది మీరేగా?"

స్టోరుకీపరు మళ్ళీ ఒకటి పూర్తిగా, ఒకటి సగం రాశాడు. మేనేజరు గట్టిగా కళ్ళు మూసుకుని లాగాడు. పెట్టాడు. దీపాలు వచ్చాయి. స్టోరుకీపరు తెర తెల్లగా ఉండి, ఉండి, గభాలున నిండింది.

"ఉంది! పూర్తిగా రాసింది ఉంది! సగం రాసింది లేదు!"

"లేకూడదు! సగం మందు పంపితే రోగి ఏమవుతాడు?" మోకాళ్ళ సంగతే మరిచిపోయి లేచి నిలబడి, ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "అబ్బ! నా తల్లే! లేచావే!"

మేనేజరు కళ్ళు తెరిచాడు. కాసేపు తెర వంకా ప్లగ్గు వంకా చూశాడు. "మేడమ్... ఇంకొక్కసారి పీకనా?"

ఈసారి కళ్ళు తెరుచుకునే పీకాడు. పెట్టె మళ్ళీ లేచింది. గదిలో లేచిన నవ్వులకు బయట పెట్టెలు మోసేవాళ్ళు కూడా తొంగిచూశారు.

పెళ్ళి వంట బాగుంటే వండినవాడి పేరు ఎవరూ అడగరు. ఈవిడ బతుకూ అంతే. బస్సులో పోతుంటే మిల్లును, బడిని, అచ్చాఫీసును చూపించి, "అక్కడ నాదొకటుంది" అనేది భర్తతో. "నీకు పిల్లలు మరీ ఎక్కువయ్యారు" అనేవాడాయన. ఆ పిల్లలందరూ ఒకసారి పడి లేచినవాళ్ళే. ఇవాళ్టిది ఇంకొకరి చేతిలో కూడా పడి లేచింది. అంతకన్నా ఏం కావాలి? ఆవిడకు కడుపు నిండిపోయింది.

సాయంత్రం పాత సర్వరును ఆపారు. ప్లగ్గు పీకలేదు, మర్యాదగా, చెప్పి ఆపారు. దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. ఏళ్ళ తరబడి చెవికి ఆననంతగా అలవాటైపోయిన మూలుగు ఆగేసరికి, అది ఇన్నాళ్ళూ ఉందని అప్పుడు తెలిసింది. స్టోరుకీపరు చేతిరుమాలుతో దాని దుమ్ము తుడిచాడు.

"మంచాన పడకుండా పోయిందక్కా. అదృష్టవంతురాలు" అన్నాడు.

దాన్ని బండి మీద పెట్టి తీసుకుపోయారు. ఆవిడ సంచి సర్దుకుని, ఫ్యాను దగ్గరికి వెళ్ళి, గోడ మీది ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

"తీసుకుపోతావా?" అడిగాడు స్టోరుకీపరు.

చెయ్యి అక్కడే కాసేపు ఉంది. "ఇవాళ్టికి పీకింది చాలన్నా. దాన్ని తిరగనీ" అని చెయ్యి తీసేసింది. ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపి, మెట్లు దిగింది.

"ఫ్యాను తేలేదండీ" అంది ఫోన్లో, గేటు దాటుతూ.

"తెలుసు. ఇంతకీ పెట్టె లేచిందా?"

"లేచింది. రెండుసార్లు లేచింది!"

"అయితే పోనీలే ఫ్యాను."

పైన గదిలో ఆ ఆకుపచ్చ ఫ్యాను మెడ తిప్పుతూ, ఒకసారి పాత పెట్టె వదిలిన ఖాళీ చోటు మీదికి, ఒకసారి కొత్త పెట్టె మీదికి, అదే గాలి విసురుతూ ఉంది.