వెనకాల కూర్చున్న మనిషి

కెజియా నర్సీపట్నంలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఆదివారం చర్చి అయ్యాక కెమెరా మెడలో వేసుకుని ఏదో ఒక ఊరికి బస్సెక్కడం ఆమె సరదా. ఫోటో తీయడం కంటే, తీసినదాన్ని ల్యాప్‌టాప్‌లో దిద్దుకోవడం ఇంకా ఇష్టం.

వేసవి మొదట్లో లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్లింది. అక్కడ లోవలక్ష్మి అనే ఆమె లేత్ యంత్రం మీద తిరుగుతున్న కొయ్యబొమ్మకి లక్క రంగు అద్దుతోంది. కిటికీ వెలుగు సరిగ్గా ఆమె చేతుల మీద పడింది. వెనకాల ఆమె భర్త అప్పలరాజు చిరిగిన బనీనుతో గొంతుక్కూర్చుని కర్ర చెక్కుతున్నాడు. ఆయన్ని పక్కకి జరగమనేలోపు వెలుగు పోతుందని కెజియా గబగబా తీసేసింది.

ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్క ఫోటో బాగా కుదిరింది. అందులో అప్పలరాజు తలెత్తి భార్య వైపు చూస్తున్నాడు. కెజియాకి మాత్రం ఆ బనీను చిరుగే కంట్లో నలుసులా కనబడింది. రెండు సాయంత్రాలు కూర్చుని, ఆయన్ని తల నుంచి పాదాల దాకా చెరిపేసి, ఆ చోట గోడ రంగు పూసింది. అతుకు ఎక్కడా తెలియలేదు. విశాఖలో జరిగిన పోటీలో ఆ ఫోటోకి రెండో బహుమతి వచ్చింది. పెద్దది చేయించి ముందుగదిలో తగిలించుకుంది. ల్యాప్‌టాప్‌లో దిద్దినదే ఉంచుకుంది; మెమరీ కార్డు నిండిపోతే పాతవన్నీ తీసేసింది, ఆ అసలు ఫోటోతో సహా.

శ్రావణంలో లోవలక్ష్మి, ఆ రోజు కెజియా చెప్పిన ల్యాబులో అడిగి కనుక్కుని, ఇంటికొచ్చింది. మెడ బోసిగా ఉంది.

"మా ఇంటాయన పోనాడమ్మా. గుండెపోటు. మూడు నెల్లయింది. ఆధార్ కార్డులో బొమ్మ తప్ప మరేటీ నేదు. అందులో ఆయన ఆయన్లాగుండడు. ఆ రోజు నువ్వు తీసేవు కదా. బేగి సూపించమ్మా."

కెజియా తల అడ్డంగా ఊపింది. "ఆయన అందులో పడలేదు పిన్నీ."

లోవలక్ష్మి అప్పటికే గోడ మీది ఫోటో దగ్గరికి వెళ్లింది. తనని తాను చూసుకోనేలేదు.

"పడకపోడమేటి? ఇదిగో, ఇక్కడే కూకున్నాడు. నా ఎనకాల." అద్దం మీద వేలు పెట్టింది. "ఇక్కడ కర్రల కుప్ప కూడా ఉండాల. అదీ నేదు."

కెజియా ఇక దాచలేకపోయింది. "నేనే తీసేశాను పిన్నీ. ఫోటో బాగుంటుందని."

"మళ్లీ అక్కడెట్టెయ్యి మరి."

"అసలుది లేదు."

లోవలక్ష్మి అద్దం మీంచి వేలు తీసింది. "ఆయన నీకేటి అడ్డమొచ్చేడమ్మా?"

కోపంగా అడగలేదు, తెలుసుకోవాలని అడిగింది. కెజియా కాఫీ ఇస్తానంటే, లోవలక్ష్మి వద్దని వెళ్లిపోయింది.

పోయిన ఫోటోలు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్‌తో కెజియా కార్డంతా వెతికింది. పాతవాటి మీద, ఆ తర్వాత తను తీసిన ఎవరిదో పెళ్లి ఫోటోలు పడిపోయాయి. ల్యాబులో తనతో పనిచేసే గౌతమి ఒక ఏఐ యాప్ చూపించింది. అది గోడ ముందు ఒక మనిషిని కూర్చోబెట్టింది. దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, ఎవరో. ఇది ఆయన కాదని చెప్పడానికి కెజియా అప్పలరాజు ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. ఆ ముఖాన్ని తెరనిండా పెద్దది చేసి, అంగుళం అంగుళం చూస్తూ చెరిపింది తనే.

ఫోటోలోంచి ఒక మనిషిని చెరిపానని, బహుమతి వెనక్కి తీసుకోమని పోటీవాళ్లకి రాసింది. రెండు ముక్కల్లో జవాబొచ్చింది: వెనకాల శుభ్రం చేసుకోవడం నిబంధనలకి విరుద్ధం కాదు, అభినందనలు.

కెజియా మళ్లీ ఏటికొప్పాక వెళ్లలేదు.