ఫోటోలో తెల్లబడ్డ చోటు

ఆ కన్ను పోయిన శనివారం పెట్టిన చోట లేదు, గింజంత కిందకి దిగింది, లేదా తనే అలా పెట్టి మరిచిపోయిందేమో, మరిచిపోవడమా, ముప్పై ఏళ్ళుగా గాజు కిటికీ వెనక కూర్చుని ఫోటోనీ మనిషినీ సరిచూసి గుర్తింపు కార్డు మీద ముద్ర వేసే మనిషి, గడ్డం పెంచినవాణ్ణీ ఒళ్ళు తగ్గినదాన్నీ ఒక్క చూపులో పట్టేసి సరిపోయింది, తర్వాత ఎవరు, అనే మనిషి, తన చేత్తో తను పెట్టిన కన్ను ఎక్కడ పెట్టిందో మరిచిపోతుందా, కాన్వాసు మీంచి తీసిన గుడ్డని ఇంకా చేతిలోనే పట్టుకుని ఆమె నిలబడిపోయింది, రంగు కరిగించే టర్పెంటైన్ వాసన ముక్కులోంచి నేరుగా తలకెక్కుతోంది, ఉత్తరం వైపు పెద్ద కిటికీలోంచి మధ్యాహ్నపు వెలుగు కాన్వాసులు నిలబెట్టిన ఆరు ఈజిళ్ళ మీదా ఎవరికీ ఎక్కువ తక్కువ లేకుండా పడుతోంది, ఆ వెలుగులో ఆ ముఖం గుడ్డ తీసీ తీయగానే ఆమెనే చూసింది, వారమంతా గుడ్డ వెనక కళ్ళు తెరుచుకునే ఉన్నట్టు, ఏమిటింత ఆలస్యం అన్నట్టు, బస్సు దొరకలేదక్కా అని లోపల్లోపలే సంజాయిషీ చెప్పుకుని, బొమ్మకి సంజాయిషీ ఏమిటే నీ మొహం అని తనని తనే కసురుకుంది, అప్పుడే బొమ్మలు నేర్పే మాస్టారు వెనకనుంచి, ఆయన ఒకప్పుడు నిలువెత్తు సినిమా బోర్డులు వేసినవారు, ఇప్పటికీ నిచ్చెన కింద ఉన్నవాళ్ళకి చెప్పినట్టే గట్టిగా మాట్లాడతారు, ఆయిల్ రంగు ఆరడానికి వారాలు పడుతుందమ్మా, ఆరేకొద్దీ ముదురు రంగులు లోపలికి ఇంకిపోతాయి, అందుకే వారం వారం ముఖం మారినట్టుంటుంది, దయ్యమూ కాదు భూతమూ కాదు అన్నారు, దయ్యమని తను అనలేదే, ఆ మాట ఆయన నోటికెందుకొచ్చింది.

ఇవాళే చివరి క్లాసు, నాలుగింటికి పిచ్చుక వస్తుంది, అక్క కూతురు, చిన్నప్పుడు ఒక్కచోట నిలవకుండా గెంతుతుంటే అక్క పెట్టిన పేరు అది, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వస్తుంది, వచ్చి చూస్తుంది, అక్క పోయేనాటికి దానికి నాలుగేళ్ళు, ఇప్పుడు ముప్పై ఒకటి, ఆ వయసు నిండకుండానే అక్క పోయింది, ఒకనాడు గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ అది ఉన్నట్టుండి అడిగింది, వచ్చే నెలనుంచీ నేను అమ్మకంటే పెద్దదాన్ని పిన్నీ, ఒక్కసారి తన ముఖం చూడాలనుంది, నువ్వొక్కదానివే కదా చూసినదానివి, నిజమే, బావ పోయి పదేళ్ళు, అమ్మా నాన్నా అంతకుముందే, దాన్ని చూసి వాళ్ళమ్మని ఊహించుకుందామా అంటే ముక్కూ మొహం అంతా తండ్రే, అచ్చు గుద్దినట్టు, ఇక ఫోటోలు, ఫోటోల మాట తలుచుకుంటే ఇప్పటికీ వేళ్ళ చివర్లు జిగురు జిగురుగా అవుతాయి, పైకప్పు కారి ట్రంకు పెట్టెలోకి నీళ్ళు దిగి ఆల్బమ్ పుటలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, ఫోటో స్టూడియో ఆయన ఆవిరి పట్టి మెల్లగా విడదీద్దామన్నాడు, రెండు రోజులు ఆగమన్నాడు, తను ఆగలేదు, ఆ సాయంత్రమే నేలమీద కూర్చుని పీకింది, అక్క ముఖమంతా ఎదుటి పుటకి అంటుకుని ముద్దయి ఊడొచ్చింది, పూల గౌను వేసుకున్న పాప మిగిలింది, పాపని ఎత్తుకున్న చేతులు మిగిలాయి, ఆ చేతుల పైన మెడా, మెడ పైన గోరంత తెల్లటి చోటూ, అంతే, తొందరపాటు మనిషిని ఎక్కడో అక్కడ దెబ్బ కొట్టకుండా పోదు అని అక్కే అనేది, ఆ మాట గుర్తుంది, గొంతు గుర్తుంది, సబ్బు వాసన గుర్తుంది, దారం పంటితో పుటుక్కున తెంపడం గుర్తుంది, తెంపిన పెదవులు మాత్రం, పెదవులు అనుకోగానే ఆ తెల్లటి చోటు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పిచ్చుకకైతే అసలే చెప్పలేదు, దాందేముంది, బొమ్మ వెయ్యడం నేర్చుకుని వేసిస్తాలే అంది, ఈ వయసులో రంగులేమిటే అని ఆఫీసులో పక్క కిటికీ ఆవిడ నవ్వితే కాలక్షేపానికిలే అంది, కాలక్షేపమట.

మొదటి రోజు మాస్టారు చెప్పింది నవ్వులాటలో పోయింది, కొత్తవాళ్ళ చెయ్యి దొంగ చెయ్యి, ఎవర్ని వెయ్యమన్నా తమనే వేసుకుంటుంది, పుట్టినప్పటినుంచీ రోజూ చూసిన ముఖం అదొక్కటే కదా, చూడండి కావాలంటే అని పక్కన నేర్చుకుంటున్న ఓ పళ్ళ డాక్టరు గారి కాన్వాసు ఇటు తిప్పి చూపించారు, ఎదురుగా కుర్చీలో కూర్చున్న మోడల్ చూస్తే చీపురుపుల్లలా ఉంటుంది, కాన్వాసు మీద ఆవిడకి పళ్ళ డాక్టరు గారి రెండో గడ్డం, ఆయన గోధుమ గింజల్లాంటి చిన్న కళ్ళు, గదంతా ఘొల్లుమంది, అందరికంటే ఎక్కువ నవ్వింది తనే, నా కన్ను ఆఫీసు కన్ను, నాకా బాధ లేదు అనుకుంది, దీనికి మందు అద్దమే అన్నారు మాస్టారు, మూల నిలబెట్టిన ఆ పొడుగాటి అద్దం ముందుకెళ్ళి, కాన్వాసుకి వీపు పెట్టి, భుజం మీంచి అద్దంలో చూసుకోండి, కంటికి అలవాటైపోయిన తప్పు అక్కడ దొరికిపోతుంది, అందరూ వారానికోసారి వెళ్ళి చూసుకుంటారు, ఆమె వెళ్ళలేదు, అంతా అయ్యాక చూస్తాను మాస్టారూ అంటూ దాటేసింది, ఎందుకో, అద్దంలో అక్క తిరగబడి కనిపించడం ఇష్టం లేక అని తనకి తను చెప్పుకుంది, అక్కని వెయ్యాలని చెప్పినప్పుడు మాస్టారు, సరే, ఎముకలూ వెలుగూ మోడల్ దగ్గర అప్పు తెచ్చుకో, మిగతాది గుర్తున్నంత మట్టుకు నింపు, మొదట పల్చగా, తర్వాత నూనె కలిపి చిక్కగా, తొందరపడకు అన్నారు, ఐదు వారాలు ఎముకలే వేసింది, నుదుటి పలక, చెంప ఎముక, గడ్డం, మధ్యలో మాత్రం తెల్లగానే ఉండిపోయింది, కుంచె అక్కడికి రాగానే చెయ్యి బరువెక్కేది, ఐదు వారాలూ ఇంటికెళ్తూ బస్సులో కిటికీకి తల ఆనించి ఏడ్చింది, ఆ మాట దాచుకోవడమెందుకు, ఏడ్చింది, ఆరో వారం ఆఫీసులో ఎవడితోనో పడ్డ గొడవ తలుచుకుంటూ ఏమీ పట్టనట్టు కుంచె ఆడిస్తుంటే నోరు వచ్చింది, దానంతటదే, బిగించిన పెదవులు, ఓ పక్క చిన్న ముడత, ఏదో అనబోయి మానుకున్నట్టు, దాని వెనకే ముక్కు, దాని వెనకే కళ్ళు, లోపలినుంచి ఎవరో గుమ్మం దాటి వెలుగులోకి వచ్చినట్టు, వచ్చావా అక్కా, వచ్చావా, ఎక్కడో చూసిన ముఖం, బాగా తెలిసిన ముఖం, ఇన్నేళ్ళూ ఇల్లంతా వెతికితే ఇక్కడుందా అని ఆ రోజు బస్సులో కూడా ఏడ్చింది, అది సంతోషం ఏడుపు.

సంతోషమే, మరి ఆ తర్వాతినుంచీ గుడ్డ ఎందుకు కప్పడం మొదలుపెట్టింది, పళ్ళ డాక్టరు గారు మొహమాటపడుతూ, ఏమనుకోకండి, మీ బొమ్మని గోడవైపు తిప్పగలరా, నా వీపు మీద ఎవరిదో చూపు ఉన్నట్టుండి చెయ్యి వణుకుతోంది, పళ్ళు పీకేవాణ్ణి, నా చెయ్యి వణికితే ఎలా చెప్పండి అన్నారు, గోడకి తిప్పడానికి మనసొప్పక గుడ్డ కప్పింది, ఇందాక విరామంలో మోడల్ కూడా, రెండు గంటలు కదలకుండా కూర్చున్న మెడని అటూ ఇటూ విరుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది, చెప్పాలా వద్దా అని మూడు వారాలుగా అనుకుంటున్నానండీ, మీరు నన్ను చూడటం లేదు అంది, మిగతా ఐదుగురూ ఒకసారి నన్నూ ఒకసారి బొమ్మనీ చూస్తారు, మీరు తలెత్తి నా భుజం పక్కన ఖాళీలోకి చూస్తారు, అక్కడెవరో కూర్చున్నట్టు, నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా, మాస్టారితో తిట్లు తిన్నాను, ఇంకోటి కూడా అని మోడల్ గొంతు తగ్గించింది, కుర్చీలో కూర్చునేదాన్ని, నాకు మీ ముఖాలు చూడటం తప్ప వేరే పనేముంది, మీరు పెదవి బిగించి వేస్తారు, కాసేపటికి ఆవిడ పెదవి బిగుసుకుంటుంది, మీరు కనుబొమ్మ ఎత్తితే ఆవిడా ఎత్తుతుంది, ఎవరిని చూసి ఎవరు చేస్తున్నారో నాకు తెలియడం లేదు, అని కాన్వాసు వంక చూడకుండా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది, రంగు అంటిన గుడ్డపీలిక ఆమె చేతుల్లో నలుగుతోంది, అక్క అలిగినప్పుడు పెదవి ఇలాగే బిగించేది, లేదా తను అలిగినప్పుడా, అలిగి గది తలుపేసుకునేది ఎవరు, తలుపు తట్టేది ఎవరు.

మూడున్నరైంది, ఇక దాటేయడానికి వారాలు లేవు, మాస్టారు వచ్చి చేతిలో కుంచె తీసేసుకుని, చాలమ్మా, ఇంక ముట్టుకుంటే చెడుతుంది, వెళ్ళి అద్దంలో చూడు అన్నారు, ఆమె వెళ్ళింది, అద్దం మూలలు పెచ్చులూడి ఉన్నాయి, కాన్వాసుకి వీపు పెట్టి నిలబడింది, తల దించుకునే నిలబడింది, అక్కని చూడబోతున్నాను, అంతే కదా, భయమెందుకు, తలెత్తింది, అద్దంలో ఇద్దరున్నారు, ఒకరు ముందు, ఒకరు కొంచెం వెనకగా భుజం దగ్గర, ఇద్దరికీ ఒకవైపే కన్ను గింజంత కిందకి, ఇద్దరికీ ఒకవైపే పెదవి చివర ముడత, ఒకరు తలకి రంగు వేసుకోని యాభై నాలుగేళ్ళ మనిషి, ఒకరు ముప్పై దాటనిది, అదొక్కటే తేడా, ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా, ఆమె ఇంకా ఏమీ అనుకోకముందే కళ్ళు వాటంతటవే నుదురూ కనుబొమ్మా ముక్కూ నోరూ వరసగా సరిచూసేశాయి, సరిపోయింది అన్నాయి, తర్వాత ఎవరు అన్నాయి, తర్వాత ఎవరూ లేరు, అక్క లేదు, ఇన్నాళ్ళూ గుడ్డ కింద కళ్ళు తెరుచుకుని కూర్చున్నది అక్క కాదు, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు, వెతికినవాళ్ళకి చివరికి పిల్లైనా దొరుకుతుంది, తనకి దొరికింది తను, రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకుని చూసే ముఖం, ఆ తెల్లటి చోట్లోకి ఎవరూ చూడకుండా వచ్చి కూర్చుంది, దొంగ చెయ్యి, పళ్ళ డాక్టరుని చూసి నవ్విన చెయ్యి, కాళ్ళు ఎలా నడిపించాయో మళ్ళీ కాన్వాసు ముందుకొచ్చింది, గుడ్డపీలిక టర్పెంటైన్‌లో ముంచింది, పైపూత ఇంకా పచ్చిగానే ఉంది, ఒక్క తుడుపు చాలు, పిచ్చుకతో చెప్పెయ్యాలి, నా చేత కాలేదే తల్లీ, మీ అమ్మ నాకు గుర్తు లేదే అని చెప్పెయ్యాలి, ఆ మాట నోట్లో ఒకసారి పలికి చూసుకుంది, రాలేదు, గుడ్డపీలిక ఎత్తింది.

మెట్ల మీద అడుగులు, రెండేసి చొప్పున, ముందే వచ్చేసింది, గుమ్మంలో పిచ్చుక, భుజాన సంచీ, నుదుటిన చెమట, పిన్నీ అనబోయి ఆగిపోయింది, చూపు పిన్ని మీద లేదు, గదిలో ఇంకెవరి మీదా లేదు, సంచీ భుజం మీంచి జారి నేలమీద పడితే తీసుకోలేదు, గుండె రాయి చేసుకుని ఎదురుచూసింది ఆమె, ఇప్పుడంటుంది, ఇది నువ్వే కదా పిన్నీ అంటుంది, ఎవరైనా అంటారు, కళ్ళున్న ఎవరైనా, పిచ్చుక నెమ్మదిగా, చిన్నప్పుడు కూడా ఎన్నడూ నడవనంత నెమ్మదిగా నడిచి వచ్చింది, అమ్మ, అంది, పిలిచినట్టు కాదు, వస్తువు దొరికినప్పుడు ఇదిగో అన్నట్టు, నాకు గుర్తుంది పిన్నీ, నువ్వు నమ్మవు గానీ నాకు గుర్తుంది, జ్వరమొచ్చి బడి మానేసిన రోజు మంచం పక్కన కూర్చుని నుదుటిమీద తడిగుడ్డ వేసింది, ఇలాగే పెదవి బిగించి, నేనెక్కడ ఏడుస్తానో అని తను ఏడవకుండా, ఈ ముఖమే, నేను కలగన్నానేమో అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ, నిజమేనన్నమాట, అని దాని కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదకి దిగుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయి నవ్వుతోంది, బడి, జ్వరం, ఆరేళ్ళు అప్పుడు దానికి, అక్క పోయి అప్పటికి రెండేళ్ళు, ఆ తడిగుడ్డ పిండిన చేతులు ఇవే, ఇప్పుడు టర్పెంటైన్ గుడ్డ పట్టుకున్నవే, అక్క చోట్లో తను కూర్చుంది కాన్వాసు మీద మాత్రమే అనుకుంది, పిల్ల బుర్రలో కూడా ఆ తెల్లటి చోట్లో తనే కూర్చుందన్నమాట, ఇరవై ఐదేళ్ళుగా, ఎత్తుకున్న ప్రతిసారీ, జడ వేసిన ప్రతిసారీ, తెలియకుండానే కొంచెం కొంచెంగా అక్కని తుడిచేస్తూ, మీ అమ్మే కదూ, అని పిచ్చుక ఇటు తిరిగి అడిగింది, ఆమె ముఖంలోకి ముఖం పెట్టి చూస్తూ అడిగింది, ఇంత దగ్గరగా చూస్తూ కూడా దానికి తెలియలేదు, కాదు కాదు మా అమ్మే కదూ అని తడబడి దిద్దుకుంది, కుర్చీలో మోడల్ కదలకుండా చూస్తోంది, మాస్టారు కుంచెలు కడుగుతూ చెయ్యి ఆపారు, ఆయనకి తెలుసు, మొదటి రోజు చెప్పిన మనిషికి తెలియకుండా ఉంటుందా, మళ్ళీ కుంచెలు కడగడం మొదలుపెట్టారు, ఆమె గుడ్డపీలిక మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది, అవునమ్మా, మీ అమ్మే అంది, ఇలాగే ఉండేది అంది, పిచ్చుక భుజం మీద తల వాల్చింది, దాని తల మీంచి ఎదురుగా ఆ ముఖం ఆమెని చూస్తోంది, పెదవి బిగించి, ఆమె చూపు తిప్పుకోలేదు, అక్క ముఖం ఎలా ఉండేదో ఈ లోకంలో ఇక ఎవరికీ తెలియదు, తెలియదన్న సంగతి పిచ్చుకకి ఎన్నడూ చెప్పకూడదు.