రెండు చూపులు

మా మరదలు బట్టలకంటే ముందు తీగలు సర్దింది. ఛార్జర్లు, మౌసు, పొట్టి తీగలు, పొడుగు తీగలు, ఒక్కోదాన్నీ చుట్టి రబ్బరుబ్యాండు వేసి సంచి అడుగున పేర్చింది. వాటి మీద వెండి రంగు కంప్యూటరు, దాని మీద తువ్వాలు. బట్టలు రెండు జతలే. నేను మంచం అంచున కూర్చుని సంచి జిప్పు చేత్తో తడుముతున్నాను. అది ఒకచోట పళ్ళు వదిలేసి ఉంది. దారిలో విచ్చుకుంటే ఏం గతి అని నా గుబులు.

"పిన్నీసు పెట్టనా?" అన్నాను.

"సంచికా, నాకా వదినా?"

"నవ్వులాట కాదు. దుప్పటి పెట్టుకున్నావా? అక్కడ చలి ఎక్కువట."

"అక్కడ దుప్పట్లు అమ్ముతారు వదినా."

"ఎన్నాళ్ళు?"

"పని అయ్యేదాకా."

గుమ్మం దాటేవాళ్ళందరూ ఆ మాటే అంటారు. ఆస్పత్రికి వెళ్తూ మా అమ్మ నయమయ్యేదాకా అంది. లారీ ఎక్కుతూ మా ఆయన సరుకు దిగేదాకా అన్నాడు. ఇద్దరూ తిరిగి రాలేదు.

ముందుగదిలో తమ్ముడు తన బల్ల దగ్గర అటు తిరిగి కూర్చున్నాడు. ఆమె చెప్పులు వేసుకుంది. అప్పుడు వెనక్కి చూడకుండానే, "అడాప్టరు కుడి సొరుగులో ఉంది. అది లేకపోతే అక్కడి తెరకు కలవదు," అన్నాడు. ఆమె సొరుగు తెరిచి తీసుకుని "థాంక్స్" అంది. మొగుడూ పెళ్ళాల వీడ్కోలు అంతే. మెట్ల మలుపు తిరిగేదాకా నేను కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత అడుగులు వినిపించాయి. తర్వాత అవీ లేవు.

వాళ్ళ తగాదాకు మూలం నా కళ్ళ కోసం పుట్టిన ఒక ప్రోగ్రాము. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ముసలితనంలో చూపు నడిమధ్య మసక చేరింది. పక్కలన్నీ కనిపిస్తాయి, చూడదలుచుకున్నది మాత్రం కనిపించదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటుంటే చూసి, వాళ్ళిద్దరూ ఎదురెదురు బల్లల మీద ఆ ప్రోగ్రాము రాశారు. పేరు 'చూపు'. పుస్తకంలోని పేజీని ఒక్కో వరసగా, అరచేయంత అక్షరాలతో తెర మీద చూపిస్తుంది. కీబోర్డు మీద పొడుగు మీట నొక్కితే తర్వాతి వరస వస్తుంది. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. లోపలి కోడంతా బయటే ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, బాగుచేసి తిరిగి పంపొచ్చు. నాలాంటి వాళ్ళు ఎక్కడెక్కడో దాన్ని వాడుతున్నారని విన్నప్పుడు నాకు చెప్పలేనంత గర్వం.

అది మూడు రకాల కంప్యూటర్లలోనూ నడిచేది. ఆఫీసుల్లో అందరి దగ్గరా ఉండే రకం, మరదలి దగ్గరున్న వెండి రకం, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని లినక్స్. ఏ రకంలోనైనా అదే పొడుగు మీట, అదే వరస. ఇంతలో ఆ వెండి యంత్రాల కంపెనీవాళ్ళు తెర మీద అక్షరాలు గీసే పద్ధతి మార్చేశారు. ఆ ఒక్క రకం కోసం సగం ప్రోగ్రాము కొత్తగా రాయాల్సిన పని పడింది.

"వాళ్ళు ఏటేటా గుమ్మం మారుస్తుంటే నేను ఏటేటా తాళంచెవి చేయించుకోవాలా? ఆ రకం వదిలేద్దాం," అన్నాడు తమ్ముడు.

"అది కొన్నవాళ్ళు కళ్ళు బాగున్నాయని కొన్నారా?" అంది మరదలు.

"నువ్వు వాడుతున్నావు కాబట్టి నీకు బాధ."

"మీరు వాడట్లేదు కాబట్టి మీకు బాధ లేదు."

ఇలా కొన్ని వారాలు. చివరికి ప్రోగ్రాము మాట పోయి, ఎవరు ఎవరి మాట ఎప్పుడు విన్నారన్న దాకా వచ్చింది. అక్కడికి వచ్చాక ఏ ఇంట్లోనైనా అంతే. ఆమె తన స్నేహితురాలి ఆఫీసున్న ఊళ్ళో గది తీసుకుని, 'చూపు' కోడు మొత్తం తీసుకుని, 'కొత్తచూపు' అని పేరు పెట్టుకుని పని మొదలుపెట్టింది. అలా తీసుకునే హక్కు ఎవరికైనా ఉందట. మా నాన్నా పెదనాన్నా వేరుపడ్డప్పుడు బీరువా ఒకరికి, తాళాలు ఇంకొకరికి వచ్చాయి. తాళాల కోసం ఒకరూ, బీరువా కోసం ఒకరూ బతికినన్నాళ్ళూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కారు. ఇక్కడ పంపకంలో ఇద్దరికీ మొత్తం వచ్చింది. పోట్లాడుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. నాకు భయం వేసింది అందుకే.

తన పాత వెండి కంప్యూటరు మరదలు నా గదిలో వదిలి వెళ్ళింది. "దీంట్లో నాది చూడండి, మీ దాంట్లో ఆయనది చూడండి. ఇక్కడి సంగతులు అక్కడ చెప్పకండి వదినా," అని మరీ చెప్పింది. నేను చేసింది సరిగ్గా ఆ పనే.

ఒకసారి తమ్ముడి 'చూపు'లో అక్షరాలు బాగా పెద్దవి చేస్తే కిందనుండే ఒత్తులు తెగిపోయాయి. 'అక్క' కాస్తా 'అక' అయి కూర్చుంది.

"ఒరే చిన్నోడా, నీ ప్రోగ్రాము నా కాళ్ళు నరికేసింది," అన్నాను.

అతను వచ్చి చూశాడు. "సరిచేస్తాలే అక్కా."

"అక్కడ సరిగ్గానే ఉంది మరి."

"ఎక్కడ?"

"నువ్వు పేరు పలకవు చూడు, అక్కడ."

తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. కొన్ని రోజులకు కొత్త 'చూపు' వచ్చింది. ఒత్తులు నిండుగా ఉన్నాయి. ఏమేం మారాయో చెప్పే పేజీలో, ఈ సవరణ ఫలానా ఆమెది అని మరదలి పేరు రాశాడు. వేరేవాళ్ళ పని తీసుకుంటే వాళ్ళ పేరు పెట్టి తీరాలట. అది నియమమే కావచ్చు. అతని చేత్తో ఆ పేరు రాసి ఎన్నాళ్ళయింది? నేను అదే వరస మీద ఆగి చాలాసేపు మీట నొక్కలేదు.

ఆ తర్వాత నాకు ఆశ పుట్టింది. రెండు ప్రోగ్రాములూ ఒకటైతే రెండు బల్లలూ ఎదురెదురుగా చేరతాయని నా లెక్క. ఆవైపు బాగున్నది ఈవైపు చెప్పాను, ఈవైపు బాగున్నది ఆవైపు చెప్పాను. తమ్ముడు తన సవరణలు ఆమెకు పంపడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కో వరసా చూసి పక్కన అభిప్రాయం రాసేది. అవి చదువుకుని తమ్ముడు తనలో తను నవ్వుకునేవాడు.

"ఏమందిరా?"

"ఇక్కడ ఖాళీ ఎక్కువైందట."

"ఎక్కడ?"

"కోడులో అక్కా, కోడులో."

నేను మాత్రం ఆమె బల్ల మీద ఆరబెట్టిన బట్టలు తీసేశాను. దీపం బల్బు మార్పించాను. దుప్పట్లు ఉతికి ఎండలో వేశాను. మరదలు సగం రాసిన ఆ వెండి భాగాన్ని తమ్ముడే కూర్చుని పూర్తి చేశాడు. ఆ రకం వదిలేద్దామన్న మనిషే, దాని కోసం నా గదిలోని పాత యంత్రం ముందు వీపు నొప్పి పుట్టేలా కూర్చున్నాడు. చివరికి తన 'చూపు' ఆపేసి, అంతా 'కొత్తచూపు'లో కలిపేశాడు. ఆమె 'కొత్త' అన్న మాట తీసేసి, పేరు మళ్ళీ 'చూపు' అని పెట్టింది. ఆ పొద్దున రెండు యంత్రాలూ పక్కపక్కన పెట్టుకుని ఒకే పుస్తకం తెరిచాను. రెండింట్లోనూ ఒకే మీట, ఒకే వరస, నిండుగా ఒత్తులు.

వెంటనే ఫోన్ చేశాను.

"చూశారా వదినా? బాగుందా?"

"బంగారంలా ఉంది. ఇంక ఎప్పుడొస్తున్నావు?"

"ఎక్కడికి?"

"పని అయ్యేదాకా అన్నావుగా. అయిందిగా."

అవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"వదినా, మేం ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆయన నాతో ఇంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదనుకోండి. ఇప్పుడు బాగా పని చేసుకుంటున్నాం. దీన్ని ఇలా ఉండనివ్వండి."

"మరి బల్బు మార్పించానే," అన్నాను.

"ఆ బల్ల దగ్గర మీరు చదువుకోండి వదినా. వెలుతురు బాగుంటుంది."

తమ్ముడు ముందుగదిలోనే ఉన్నాడు, అంతా విన్నాడు. "అక్కా, నిన్ను ఎవరు అడగమన్నారు?" అన్నాడు, కోపంగా కాదు. లేచి వచ్చి, ఆమె బల్లను నా కిటికీ దగ్గరికి జరిపి పెట్టాడు.

ఇప్పుడు అక్కడే చదువుకుంటున్నాను. ప్రోగ్రాము గురించి చెప్పే పేజీ తెరిస్తే వాళ్ళిద్దరి పేర్లూ ఒకే వరసలో ఉంటాయి, ముందు ఆమెది. మా మరదలు ఈ ఇంట్లోంచి వెళ్ళింది జూన్ నెలలో. రెండు చూపులూ కలిసింది మరుసటి ఏడు మార్చిలో. ఆమె ఆ మార్చిలో రాలేదు, తర్వాత కూడా రాలేదు.