ఉగెన్యా ఆడపడుచు

ఆమె నోరు అలా ఎందుకు తెరిచి ఉంది, ఆచారానికి కింది పళ్ళు తీయించుకున్న సందు కూడా కనబడేటట్టు, ఏదో చెప్పబోతుంటే ఫొటో తీసే తెల్లవాడు కదలొద్దన్నట్టు, పొద్దున బడిలో ఆ ఫొటో చూసినప్పటి నుంచి కళ్ళు మూసినా ఆమే, తెరిచినా ఆమే, మెడనిండా పూసలు, నడుము వెనుక పెళ్ళయిన ఆడదాని నారకుచ్చు, అడుగున, తెల్లవాళ్ళు మా జాతికి పెట్టిన పేరుతో, కవిరొండో స్త్రీ అని మాత్రమే, వందేళ్ళ కిందట మా సరస్సు ఒడ్డున తీసిన బొమ్మను ఇంగ్లండు నుంచి తెచ్చి మాకే చూపిస్తూ, పేరు రాయడానికి వాళ్ళకు చెయ్యి రాలేదా అని మండిపడుతూ ఇంటికి నడిచాను, వీపున పసిది దారిలో మొదలుపెట్టిన ఏడుపు ఇంకా ఆపలేదు, పాలు తాగదు, కన్ను మూయదు, అత్త ఎండలో ఒమెనా చేపలు తిరగేయడం మాని వచ్చింది, ఇలా ఇవ్వు, పేరు కోసమే ఈ ఏడుపు, పోయినవాళ్ళలో ఎవరో దీన్ని పట్టుకున్నారు, అంటూ ఒళ్ళో వేసుకుని పిలవసాగింది, అకేయో నువ్వా, అడోయో నువ్వా, అవుర్ నువ్వా తల్లీ, ఏ పేరుకు ఊరుకుంటే ఆ పేరే పెట్టాలి, దేనికీ ఊరుకోలేదు, ఆ ఫొటోలో ఆమే అత్తా, నా వెంట వచ్చేసింది, అన్నాను.

అత్త చెయ్యి పాప వీపు మీదే ఆగిపోయింది, బడిలో ఆ ఫొటో చూడగానే నేనూ ఆమెను గుర్తుపట్టానే, మీ మామ నాయనమ్మ, నేను కాపురానికి వచ్చేటప్పటికి ముసలిది, నీళ్ళు కాచి పోసింది నేనే, అంది, అయితే పిలువు అత్తా, పేరు పెట్టి పిలువు, అన్నాను, న్యార్ ఉగెన్యా, అని అత్త పిలిచింది, పాప గుక్కపట్టింది, అది ఉగెన్యా ఆడపడుచు అనే కదా అత్తా, అది పుట్టిన ఊరు, అసలు పేరేమిటి, అన్నాను, ఏమోనే, అంది అత్త, అందరం అలాగే పిలిచేవాళ్ళం, మొగుడితో సహా, కొత్తకోడలు పెద్దావిడ పేరు అడిగితే చెంపలు వాచిపోవూ, మగవాళ్ళ పేర్లు అడుగు, మూలపురుషుడి దగ్గర్నుంచి గడగడా అప్పజెబుతా.

అప్పజెబుతుంది, నా మొగుడూ అప్పజెబుతాడు, తండ్రి, తాత, ముత్తాత, ఆ వరసంతా ఎవరి కడుపున పుట్టిందో ఒక్కరూ చెప్పరు, తెల్లవాడు ఆమెను చూసింది ఒక్క పూట, మనవాళ్ళు చూసింది ఒక జీవితం, ఇంతకీ నన్నీ వాకిట ఏమంటున్నారు, న్యార్ సాక్వా, మొగుడికి పాప తల్లిని, అపోండి అన్న పిలుపు చివరిసారి అమ్మ నోట విన్నాను, అమ్మ పోయింది, ఇక నేనూ ఒక ఊరినేనా.

నా పేరు అపోండి అత్తా, అన్నాను, తెలుసులేవే, అంది, ముఖం తిప్పుకుంది, తెలియదని తెలిసిపోయింది, మరి నీది, అని అడిగాను, ఇన్నేళ్ళలో ఎవరూ అడగనట్టుంది, పెదవులు కదిలి ఆగాయి, పరాయిదాని పేరు చెబుతున్నట్టు సిగ్గుపడుతూ, అమొల్లో, అంది, పాప ఏడుపు ఆగలేదు, ఆ పెద్దావిడను పిలవడానికి మా దగ్గర ఏమీ లేదు, తెల్లవాడు ఆ పేరు రాయలేదు, అంతే, పోగొట్టింది మేమే.