మెట్టవీధి పైపు

నాలుగో వాల్వు దగ్గర ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఇనప కడ్డీ ఒక కొస వాల్వు మీద ఆనించి, రెండో కొసకు కుడిచెవి అప్పగించాడు. అప్పుడే తెల్లవారుతోంది. పాలబండి మలుపు తిరిగేదాకా ఊపిరి బిగబట్టాడు. కింద నీళ్ళు మామూలుగానే పోతున్నాయి. ఎక్కడైనా చిల్లు పడితే ఆ చప్పుడులో సన్నని ఈల కలుస్తుంది. దాన్ని పట్టుకోవడమే ముప్పై రెండేళ్ళుగా ఆయన ఉద్యోగం. నీటిసరఫరా కార్యాలయంలో అందరికీ ఆయన చెవులాయన. భూమిలో గుసగుసలు వినపడతాయిగాని పక్కగదిలోంచి పిలిస్తే వినపడదని భార్య బతికున్నన్నాళ్ళూ దెప్పేది.

పొట్టి మనిషి. కడ్డీ రాపిడికి చెవి అంచు కాయ కాచింది. మెడ ఎప్పుడూ ఒక పక్కకు వంగి ఉండడంతో, ఎవరు ఏం చెప్పినా నమ్మనట్టు కనిపించేవాడు.

ఆ ఉదయం మాత్రం ఆయన మనసు పనిలో లేదు. నీటిసరఫరాను ప్రైవేటు కంపెనీకి అమ్ముతున్నారు. కట్టిన ధర సరైనదో కాదో తేల్చడానికి నియంత్రణ కమిషన్ నుంచి ఒక ఇంజనీరమ్మ పది గంటలకు వస్తోంది. కొత్త నిబంధన ప్రకారం నీళ్ళు పారే పైపుకే విలువ కట్టాలి. ఆస్తుల పట్టికలో మెట్టవీధి పైపు మూడు కిలోమీటర్లు పారుతున్నట్టు రాసి ఉంది. అది ఎండిపోయి పదకొండేళ్ళయింది. మూసినవాళ్ళలో ఆయనా ఒకడు.

ముందురోజు సాయంత్రం సూపర్‌వైజరు ఆయన్ని గదిలోకి పిలిచి, తలుపు తనే వేసి, కుర్చీ చూపించాడు. అన్నేళ్ళలో ఆ గదిలో ఆయన కూర్చోవడం అదే మొదలు. రేపు మెట్టవీధిలో కడ్డీ పెట్టి, నీళ్ళ చప్పుడుందని ఒక్క మాట అంటే చాలన్నాడు. పక్కనే కొత్త లైను ఉంది కాబట్టి ఏదో ఒక చప్పుడు వస్తుందని, అది అబద్ధం కిందికి కూడా రాదని నచ్చజెప్పాడు. తర్వాత, కంపెనీ తీసుకోబోయే ఉద్యోగుల జాబితాను ఇటు తిప్పాడు. మీటర్లు చూసేవాళ్ళలో చివరి పేరు ఆయన కూతురిది. అదొక్కటే పెన్సిలుతో రాసి ఉంది.

ఇంట్లో ఆయన ఆ ఊసెత్తలేదు.

ఇంజనీరమ్మ సరిగ్గా పదింటికి వచ్చింది. బక్కపలచని మనిషి, చంకలో పటాల చుట్ట. సూపర్‌వైజరు దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. మెట్టవీధిలో పాత వాల్వు మూత తీసి ఆయన కడ్డీ ఆనించాడు. కింద ఏమీ లేదు. ఎడమ పక్క నుంచి కొత్త లైను చప్పుడు లీలగా వస్తోంది.

“వినపడుతోందిగా?” అన్నాడు సూపర్‌వైజరు.

ఆయన తలెత్తకుండా ఇంజనీరమ్మను అడిగాడు. “ఈ పైపు పట్టికలో ఉంటే ఏమవుతుందమ్మా?”

“కంపెనీ పెట్టిన ధరంతా నీళ్ళ బిల్లుల్లో జనం దగ్గరే రాబట్టుకుంటుంది. పారని పైపుక్కూడా వీళ్ళే కట్టాలి,” అంటూ ఆమె ఇళ్ళవైపు చూసింది.

ఆ వీధిలో ఏ ఇంటి కుళాయి ఎప్పుడు కారిందో ఆయనకు తెలుసు. కడ్డీ పట్టుకుని మెల్లగా లేచాడు.

“ఇందులో నీళ్ళు లేవమ్మా. వినపడేది పక్క లైను.”

సూపర్‌వైజరు నవ్వాడు. “పెద్దాయనకు అరవై దాటాయి మేడమ్. చెవులు పోయాయి. పాపమని మేమే నెట్టుకొస్తున్నాం.”

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తవ్వించమంది.

తవ్వకానికి రెండు గంటలు పట్టింది. ఆయన గోడ పక్కన నిలబడ్డాడు. ఈమధ్య కూతురు ఒకే మాట రెండుసార్లు చెప్పాల్సి రావడం గుర్తొచ్చింది. నిజంగానే పోయాయేమో. చివరికి రంపంతో కోశారు. చుక్క నీరు రాలేదు. లోపల ఎండిన ఎర్రమట్టి, దాన్లో జుట్టులాంటి వేళ్ళు. ఇంజనీరమ్మ అక్కడే, మట్టికుప్ప మీద పట్టిక పెట్టి, మెట్టవీధి పైపును కొట్టేసి సంతకం చేసింది.

సాయంత్రం సూపర్‌వైజరు ఒక మనిషి చేత కాగితం పంపాడు. పదవీ విరమణ తర్వాత ఇస్తున్న పొడిగింపు వినికిడి లోపం వల్ల ఇక ఇవ్వడం లేదని రాసి ఉంది. ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. కడ్డీ, టార్చి, వానకోటు స్టోరులో అప్పగించాడు. గేటు దగ్గర కూతురు ఎదురుచూస్తోంది. సంగతంతా అప్పటికే ఆమె చెవిన పడింది.

“నా పేరు ఉంచాడా నాన్నా?”

“తెలీదమ్మా. నావల్ల నీకు…”

“ఆ మేడమ్ ఇంకా రెండ్రోజులు ఉంటుందట. రేపు నేనే వెళ్ళి అడుగుతా. పద, పొద్దుట్నించీ ఏమీ తినలేదు నువ్వు.”

ఆయన తల పక్కకు వంచుకుని ఆమె వెనకే నడిచాడు.

ఆమె వెళ్ళి అడిగాక జాబితాలో పేరు నిలిచింది. వారం తర్వాత కార్యాలయంలో తండ్రి అలమర ఖాళీ చేసే పని ఆమెకే చెప్పారు. కడ్డీ వణుకు వేళ్ళకు తెలియాలని ఆయన కుడిచేతికి ఎప్పుడూ తొడుగు వేసుకునేవాడు కాదు. ఏటా ఇచ్చే జతల్లో ఎడమచేతివన్నీ అరిగిపోయాయి. కింది అరలో కుడిచేతి తొడుగులు ఒకదాని మీద ఒకటి, మడతయినా విప్పకుండా, కొత్త రబ్బరు వాసన వేస్తూ ఉన్నాయి.