వీపు చూపించని మనిషి

ఖొద్రత్ ఎడమ మోకాలికి ఉన్నిగుడ్డ చుట్టుకుని, దానిమీద రెండు ప్యాంట్లు లాక్కుని, కొండ లిఫ్టు కింద తన చోట నిలబడ్డాడు. ఇనుపతాడుకు వేలాడే కుర్చీలు ఒకదాని వెనక ఒకటి చుట్టుతిరిగి వస్తున్నాయి. వచ్చినదాన్నల్లా చేత్తో పట్టి, ఎక్కేవాళ్ళ పిక్కలకు తగలకుండా ఆపి, "బిస్మిల్లా, కూర్చోండి" అని పైకి సాగనంపడం అతని పని. పెళ్ళికి ముందు నుంచీ ఇదే. కుడి అరచెయ్యి చెప్పు అడుగులా గట్టిపడింది. కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి జారింది.

వచ్చే చలికాలానికి కొత్త లిఫ్టు వస్తోంది. దాని కుర్చీలు వాటంతటవే నెమ్మదిస్తాయట, పట్టుకునే మనిషితో పనిలేదట. ఊళ్ళో ఉండాలంటే ఖొద్రత్‌కు మిగిలింది ఒక్కటే, స్కీ నేర్పే కోచ్ వేసుకునే ఎర్ర కోటు. అది రాకపోతే దిగువన కరజ్ పట్నంలో బావమరిది కార్లు కడిగించే చోట చేరాలి. "ఆ పొగలో నేను బతకను" అని భార్య గౌహర్ ముందే చెప్పేసింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఈ మధ్యాహ్నం పరీక్షే అతనికి ఆఖరిది.

స్కీ రాక కాదు. ఈ అల్‌బోర్జ్ కొండల్లో పిల్లలకు నడకా జారుడూ ఒకేసారి వస్తాయి. చిక్కంతా మర్యాద తెచ్చిపెట్టింది. కోచ్ ముందు జారాలి, నేర్చుకునేవాడు అతని జాడలో వెనక రావాలి. అంటే వచ్చిన అతిథికి వీపు చూపించాలి. టాక్సీలో ముందు సీట్లో కూర్చున్నా వెనక్కి తిరిగి "మీకు వీపు పెట్టాను, క్షమించండి" అనే మనిషి ఖొద్రత్. శిక్షణ సాగినన్నాళ్ళూ ప్రతి మలుపులోనూ ఆగి, ఒళ్ళంతా తిప్పి, గుండెమీద చెయ్యి వేసుకుని అదే మాట అన్నాడు. వెనకవాడు తిన్నగా వచ్చి అతన్ని గుద్దుకునేవాడు.

"ఖొద్రత్ బాబాయ్, నువ్వు వెనక్కి జారడం నేర్చుకో, పీడా పోతుంది!" అని తోటి కుర్రాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఇంటికెళ్ళాక మాత్రం అన్నం సయించేది కాదు.

మధ్యాహ్నం లిఫ్టు ఇంకొకరికి అప్పగించి వాలుమీదికి వెళ్ళాడు. పరీక్ష చేసే ఫర్నూష్ ఖానుమ్ వయసులో అతని మేనకోడలంత ఉంటుంది.

"బాబాయ్, ఆగొద్దు. భుజంమీంచి ఒక్క చూపు చూడు, చాలు."

"చూస్తే ఒళ్ళు దానంతటదే తిరిగిపోతుందమ్మా."

"తిరగనివ్వకు. ఇవాళ ఆగావంటే ఇక నా చేతుల్లో ఏమీ లేదు."

నేర్చుకోవడానికి వచ్చినాయన పేరు రహ్మతీ. రైల్లో టికెట్లు చూసి రిటైరైన పెద్దమనిషి. మనవళ్ళు ఎగతాళి చేశారని ఈ వయసులో స్కీలు కట్టుకున్నాడు.

"దయచేయండి, ముందు మీరు," అన్నాడు రహ్మతీ.

"అయ్యో, మీరుండగా..." అనబోయి ఖొద్రత్ నాలుక కరుచుకుని కదిలాడు.

చూపు అడుగున ఉన్న చెక్క కంచెమీద నిలిపాడు. మెడ వెనక్కి లాగుతోంది. వీపంతా సిగ్గుతో మండుతోంది. మొదటి మలుపు దాటింది, తిరగలేదు. చూస్తే తిరుగుతాను, తిరిగితే ఆగుతాను అని ఆ ఒక్క చూపు కూడా మానేశాడు. రెండో మలుపులో మోకాలు కలుక్కుమంది. పళ్ళు బిగించాడు. కంచె దగ్గరపడుతుంటే, గౌహర్‌కు ఊరు దక్కింది అనుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత అతనికి సంతోషమేసింది.

కంచె దగ్గర ఆగి, గుండెమీద చెయ్యి వేసుకుని తృప్తిగా వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. ఎక్కడో పైన, మొదటి మలుపు దగ్గర, రహ్మతీ మంచులో చతికిలబడి టోపీ దులుపుకుంటున్నాడు.

ఖొద్రత్ స్కీలు విప్పి, కుంటుతూ పైకెక్కాడు.

"ఒక్క కేక వెయ్యలేకపోయారా అయ్యా?"

"మీరు పనిలో ఉన్నారు. ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

ఖొద్రత్‌కు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చెయ్యి అందించి లేపాడు. "వీపు పెట్టాను, క్షమించండి."

"పువ్వుకు ముందేమిటి, వెనకేమిటి!" అన్నాడు రహ్మతీ. ఆ క్షమాపణకు బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న జవాబే అది. ఖొద్రత్ వంగి ఆయన కోటుమీది మంచు దులిపాడు.

ఫర్నూష్ అతని ముఖంలోకి చూడలేకపోయింది. "ఇన్నాళ్ళూ ఆగినందుకు ఫెయిల్ చేశాను బాబాయ్. ఇవాళ చూడనందుకు..."

"ఫెయిల్ చెయ్యమ్మా. పెద్దాయన కాలు విరిగుంటే?" అని, కిందికి వెళ్ళి, మూసేవేళ దాకా లిఫ్టు దగ్గరే నిలబడి కుర్చీలు పట్టాడు ఖొద్రత్. ఎప్పటిలాగే ఎక్కినవాళ్ళందరికీ బిస్మిల్లా చెప్పాడు.

కొత్త సంవత్సరపు పండగ నౌరూజ్ వెళ్ళాక, మంచు మురికిపట్టి కరుగుతున్న రోజుల్లో, ఖొద్రత్, గౌహర్ మూటలతో కరజ్ వెళ్ళే మినీబస్సు ఎక్కారు. బస్సు కదలబోతుంటే ఖొద్రత్ గబుక్కున దిగి లిఫ్టు షెడ్డు దగ్గర వదిలిన తన స్కీల వైపు నడిచాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"చెక్కలకు కూడానా నీ మర్యాద!" అని కిటికీలోంచి అరిచింది గౌహర్. గొంతులో కోపం లేదు.

అతను తిరిగొచ్చి, వెనక సీటు వాళ్ళకు క్షమాపణ చెప్పి, ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగింది. షెడ్డు గోడకు అతని స్కీలు ఆనించి ఉన్నాయి, వీపు గోడకు పెట్టి, ముఖం దారివైపు.