బుగ్గల నిండా గాలి

గాజులు, చెవిదిద్దులు తీసి అక్క చేతిలో పెట్టింది చెల్లెలు. అక్క చంకలోని చంటిపిల్ల అమ్మ కోసం చేతులు చాచింది. పిల్లను ఎత్తుకుని నాలుగు మెట్లెక్కితే చాలు, చెల్లెలికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, గుండెలో కుడివైపు గది ఉబ్బిందన్నారు. మాత్రలకు తగ్గిందో లేదో ఈ ఎమ్మారైలో తేలుతుంది. తగ్గకపోతే ఛాతీలోకి గొట్టం వేసి, రాత్రీపగలూ పంపుతో మందు ఎక్కిస్తారట. అప్పుడిక పిల్లను గుండెకు హత్తుకునేదెలా?

"భయమా?" అంది అక్క.

"నాకా? ఊపిరి బిగబట్టే ఆటలో ఏనాడైనా నన్ను గెలిచావా?"

"గెలవనిచ్చానే, మొద్దూ!"

సొరంగంలాంటి యంత్రంలోకి బల్ల జరిగింది. "గాలి పీల్చండి... వదలండి... ఆపండి" అంది చెవిలో టెక్నీషియన్ గొంతు. ఆపమనగానే ఆమె పాత అలవాటుగా బుగ్గల నిండా గాలి నింపేసుకుంది. మళ్లీ అంతే. ఆ మళ్లీ కూడా అంతే.

"అమ్మా, ఇదేం పోటీ కాదు! మీరు గాలి నింపుకున్నప్పుడల్లా గుండె జరిగిపోతోంది, బొమ్మలు కుదరడం లేదు. వదిలేశాక ఆగాలి."

ఖాళీగా ఆగడమా? ఆమె బెంబేలెత్తిపోయింది. కళ్లు మూసుకుంది.

చిన్నప్పటి పెరట్లో నీళ్లతొట్టి. రెండు జడల అక్కాచెల్లెళ్లిద్దరూ తొట్టిలో ముఖాలు ముంచేవారు. ముందు తలెత్తినవాళ్లు గిన్నెలు తోమాలి. నీళ్లలో పక్కనుంచి బుడగలు బుడబుడమని వినపడేవి. అక్క గాలి వదిలేస్తోందన్నమాట! అయినా అక్క వెంటనే లేచేది కాదు. ఖాళీగానే కాసేపు తోడుండి, అప్పుడు తలెత్తి, "ఓడిపోయానే బాబూ" అని గిన్నెల దగ్గరికి నడిచేది. గెలిచానని గంతులేసిన తనకు ఆ కాసేపు ఏనాడూ పట్టలేదు.

"వదలండి..."

బుడగలన్నీ వదిలేసింది, అక్కలా.

"ఆపండి."

ఆగింది. యంత్రం దబదబా మోగింది.

"ఆఁ, ఇలా! ఇలాగే కానివ్వండమ్మా!"

వారం తిరిగాక డాక్టరమ్మ తెరమీద బొమ్మ చూపించింది. "కుడిగది చిన్నదైంది. ఎడమకు ఒరిగిన మధ్యగోడ తిన్నగా నిలబడుతోంది. పంపు ఇప్పుడక్కర్లేదు, మాత్రలే వాడండి."

బయట బెంచీ మీద కూర్చుని చెల్లెలు పిల్లను గుండెకు అదుముకుంది.

"అక్కా, ఇవాళ గిన్నెలు నేను తోముతా."

"అబ్బో! ఇన్నేళ్లకు గుర్తొచ్చిందా తల్లీ?" అంది అక్క, పక్కకు తిరిగి ముక్కు చీదుకుంటూ.